ఆటలోని రాకెట్టు, షార్‌లోని రాకెట్టు

అంతరిక్ష నౌకలను నడిపించే కంప్యూటర్ ఆటల గురించి ఈ శీర్షికకు వచ్చిన ప్రశ్నలను ఈసారి ఒకచోట చేర్చాం. వాటిలో ఎక్కువ భాగం ‘కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్’ గురించినవే. మెక్సికో నగరంలోని స్క్వాడ్ సంస్థలో ఫెలిపే ఫలాంగే రూపొందించిన ఈ ఆట 2011లో తొలిసారి జనం చేతికి వచ్చి, 2015లో పూర్తి రూపం దాల్చింది. ఎన్నడూ ఆడని పాఠకుల కోసం ఒక్క మాట: అందులో కెర్బిన్ అనే గ్రహం మీద ఆకుపచ్చని బుడతలు ఉంటారు, ట్యాంకులు, ఇంజన్లు, రెక్కలు మనమే బిగించి రాకెట్టు కట్టి వాళ్లను పైకి పంపాలి. సరిగ్గా కట్టకపోతే అది పేలిపోతుంది.

ప్రశ్న: కెర్బల్‌లో నా రాకెట్టును నిట్టనిలువుగా పంపాను. అక్కడ వాతావరణం 70 కిలోమీటర్ల ఎత్తున ముగుస్తుంది. నేను 200 కిలోమీటర్లు దాటించాను. అయినా తిరిగి కిందపడింది. అంతరిక్షంలో గురుత్వాకర్షణ ఉండదు కదా, మరి ఎందుకు పడినట్లు?
— ఇంటర్ విద్యార్థి, ఏలూరు

జవాబు: ఆటలో తప్పేమీ లేదు, పొరపాటు మీ ప్రశ్నలోని చివరి వాక్యంలో ఉంది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం తిరిగే 400 కిలోమీటర్ల ఎత్తులో కూడా భూమి ఆకర్షణ నేల మీద ఉన్నదానిలో దాదాపు 90 శాతం ఉంటుంది. అక్కడి వ్యోమగాములు తేలుతున్నట్లు కనిపించడానికి కారణం వాళ్లూ, వాళ్ల చుట్టూ ఉన్న గదీ కలిసి ఒకే తీరుగా పడుతూ ఉండటమే. ఆ కేంద్రం సెకనుకు సుమారు 7.7 కిలోమీటర్లు అడ్డంగా ప్రయాణిస్తుంది. ఆ ఒక్క సెకనులోనే నాలుగున్నర మీటర్లకు కొంచెం తక్కువగా కిందికి పడుతుంది. భూమి గుండ్రంగా ఉన్నందువల్ల అంత దూరంలో నేల కూడా సరిగ్గా అంతే కిందికి వంగుతుంది. అందువల్ల అది ఎంత పడినా నేలకూ దానికీ మధ్య ఎడం తగ్గదు. మీ రాకెట్టుకు ఎత్తు వచ్చింది గాని ఈ అడ్డవేగం రాలేదు. పైకి లేచిన కొద్దిసేపటికే దాన్ని మెల్లగా తూర్పుకు వంచడం మొదలుపెట్టండి.

తూర్పుకే ఎందుకంటే, గ్రహం తిరుగుడు వల్ల వచ్చే వేగం ఆ దిక్కులో ఉచితంగా దొరుకుతుంది. కెర్బిన్ భూమధ్యరేఖ మీద అది సెకనుకు 175 మీటర్లు మాత్రమే. మన శ్రీహరికోట దగ్గర 450 మీటర్లు. అక్కడి ఇస్రో ప్రయోగ కేంద్రమైన షార్‌ను తూర్పు తీరాన కట్టడంలో ఈ లెక్క ఉంది, రాలిపోయే దశలు సముద్రంలో పడతాయన్న ఆలోచనా ఉంది. అయితే ధ్రువాల మీదుగా తిరిగే ఉపగ్రహాలను పంపేటప్పుడు ఈ వరం పనికిరాకపోగా మరో చిక్కు ఎదురవుతుంది. నేరుగా దక్షిణానికి వెళ్తే దారిలో శ్రీలంక ఉంది కాబట్టి, పీఎస్ఎల్‌వీ ముందు ఆగ్నేయంగా వెళ్లి ఆ తరవాత దక్షిణానికి మలుపు తీసుకుంటుంది. ఆ మలుపుకు ఇంధనం ఖర్చవుతుంది. ఇస్రో తమిళనాడులోని కులశేఖరపట్నంలో రెండో ప్రయోగ కేంద్రాన్ని తలపెట్టడానికి ముఖ్య కారణం ఇదే.

ప్రశ్న: నేను ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం బోధిస్తాను. మా పిల్లలు ఈ ఆట ఆడి, సెకనుకు 3,400 మీటర్ల వేగం కూడగడితే కక్ష్య చేరవచ్చని చెబుతున్నారు. పుస్తకాల్లో తొమ్మిది వేలకు పైగా ఉంది. ఆట పిల్లలను తప్పుదారి పట్టిస్తోందా?
— ఉపాధ్యాయిని, హన్మకొండ

జవాబు: సూత్రం విషయంలో ఆట తప్పు చెప్పదు, గ్రహం కొలతల విషయంలో మాత్రం తెలిసే అబద్ధం చెబుతుంది. కెర్బిన్ వ్యాసార్ధం 600 కిలోమీటర్లు, భూమిది 6,371. ఆకర్షణ మాత్రం రెండింటి మీదా ఒక్కటే. అంత చిన్న గోళానికి అంత ఆకర్షణ ఉండాలంటే దాని సాంద్రత భూమికి పదింతలకు పైగా, అంటే ఘన సెంటీమీటరుకు 58 గ్రాముల దాకా ఉండాలి. మనకు తెలిసిన లోహాల్లో అత్యంత సాంద్రమైన ఆస్మియం కూడా 22.6 గ్రాములే తూగుతుంది. కాబట్టి అలాంటి గ్రహం ప్రకృతిలో ఉండదు. అయితే ఈ అబద్ధం వల్ల కక్ష్య చేరడం నాలుగైదు నిమిషాల్లో తేలిపోతుంది, ఆట విసుగు పుట్టదు.

పిల్లలకు ఈ తేడానే పాఠంగా చెప్పండి. సియాల్కోవ్‌స్కీ 1903లో ప్రచురించిన రాకెట్టు సమీకరణం ప్రకారం, కూడగట్టవలసిన వేగం పెరిగేకొద్దీ ఇంధనం అదే నిష్పత్తిలో కాక, ఘాతీయంగా పెరుగుతుంది. ఇంజన్ నుంచి వాయువులు సెకనుకు 3 కిలోమీటర్ల వేగంతో వెలువడతాయనుకుందాం. సెకనుకు 3.4 కిలోమీటర్లు కావాలంటే, బయలుదేరేటప్పటి బరువు ఇంధనం అయిపోయాక మిగిలే బరువుకు మూడు రెట్లు ఉంటే చాలు; 9.4 కిలోమీటర్లు కావాలంటే 23 రెట్లు ఉండాలి. వంద టన్నుల రాకెట్టులో మొదటి సందర్భంలో 32 టన్నులు మిగిలితే, రెండో సందర్భంలో నాలుగు టన్నుల పైచిలుకే మిగులుతుంది. ట్యాంకులు, ఇంజన్లు, పైన కూర్చోబెట్టిన ఉపగ్రహం అన్నీ అందులోనే సర్దుకోవాలి. ఖాళీ అయిన దశలను ఎప్పటికప్పుడు వదిలించుకుంటూ పోవడం నిజమైన రాకెట్టుకు ఎందుకు తప్పదో ఈ ఒక్క లెక్కతో బోధపడుతుంది. ఆరితేరిన పిల్లలుంటే ‘రియల్ సోలార్ సిస్టమ్’ అనే మోడ్ (ఆటను మార్చడానికి అదనంగా చేర్చుకునే ప్రోగ్రామ్) పెట్టుకోమనండి. అది గ్రహాలను నిజమైన కొలతలకు మారుస్తుంది. నిన్నటి దాకా కక్ష్యకు చేరిన తమ రాకెట్టు ఆ రోజు సముద్రంలో ఎందుకు పడిందో వాళ్లే లెక్క వేసుకుంటారు.

ప్రశ్న: కక్ష్యలో నా నౌకకు ముందు మరో నౌక ఉంది. అందుకోవడానికి ఇంజన్ వేసి ముందుకు తోస్తే, కాసేపటికి ఇంకా వెనకబడుతున్నాను. ఇది ఆటలో లోపమా?
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: ఇదే తికమక 1965 జూన్‌లో నాసా వ్యోమగామి జేమ్స్ మెక్‌డివిట్‌కు నిజంగా ఎదురైంది. జెమిని 4 నౌకలో ఉన్న ఆయన, తమను పైకి తెచ్చిన రాకెట్టు రెండో దశ దగ్గరికి తిరిగి వెళ్లాలని కళ్లెదుట కనిపిస్తున్న దాని వైపు నేరుగా తోసుకుంటూ పోయారు. అది దూరమవుతూనే ఉంది. చివరికి ఇంధనం వృథా అవుతోందని ఆ ప్రయత్నం మానుకున్నారు. రోడ్డు మీద ముందున్న బండిని అందుకోవాలంటే వేగం పెంచుతాం. కక్ష్యలో ఆ అలవాటు పనికిరాదు.

లెక్క చూడండి. 400 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతున్న నౌక వేగాన్ని సెకనుకు ఒక్క మీటరు పెంచారనుకుందాం. కక్ష్య అవతలి వైపు కొంచెం పైకి ఉబ్బుతుంది, చుట్టు పెద్దదవుతుంది, ఒక ప్రదక్షిణకు పట్టే సమయం రెండు సెకన్లకు పైగా పెరుగుతుంది. సెకనుకు ఏడున్నర కిలోమీటర్లకు పైబడిన వేగంలో రెండు సెకన్ల ఆలస్యమంటే, ఒక చుట్టు ముగిసేసరికి దాదాపు 17 కిలోమీటర్లు వెనకబడటమే. ముందున్నదాన్ని అందుకోవాలంటే అందుకు విరుద్ధంగా వేగం తగ్గించి, కిందికి దిగి, చిన్న చుట్టు తిరిగి రావాలి. దగ్గరికి చేరాక మళ్లీ వేగం పెంచి పక్కన నిలవాలి. చంద్రుడి మీద కాలుమోపిన రెండో మనిషి బజ్ ఆల్డ్రిన్ 1963లో ఎంఐటీకి సమర్పించిన సిద్ధాంత గ్రంథం విషయం కూడా కక్ష్యలో నౌకల కలయికే.

ఇస్రో 2024 డిసెంబర్ 30న శ్రీహరికోట నుంచి పంపిన స్పేడెక్స్ జంట ఉపగ్రహాలు, ఒక్కొక్కటి సుమారు 220 కిలోలవి, 2025 జనవరి 16న ఒకదానికొకటి అతుక్కున్నాయి. మధ్యలో ఆ పని ఒకటికి రెండుసార్లు వాయిదా పడినప్పుడు చాలామంది నిట్టూర్చారు. కెర్బల్‌లో ఒక్కసారైనా డాకింగ్ చేసినవాళ్లు మాత్రం నిట్టూర్చి ఉండరు.

ప్రశ్న: ఆదిత్య-ఎల్1ను కెర్బల్‌లో చేసి చూద్దామని సూర్యుడికీ గ్రహానికీ మధ్య నౌకను ఎన్నిసార్లు నిలిపినా అది జారిపోతోంది. నా లెక్క ఎక్కడ తప్పింది?
— బీటెక్ విద్యార్థి, తిరుపతి

జవాబు: మీరు ఎంత సరిగ్గా నిలిపినా అది అక్కడ నిలవదు, ఎందుకంటే ఆ ఆటలో లగ్రాంజ్ బిందువులే (సూర్యుడూ గ్రహమూ కలిసి లాగడం వల్ల నౌక గ్రహంతో అడుగు కలిపి నడిచే చోట్లు; ఎల్1 వాటిలో ఒకటి) లేవు. ఈ శీర్షికకు వచ్చిన వాటిలో నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇది కాబట్టి కొంచెం తీరికగా చెబుతాను.

కెర్బల్‌లో నౌకను ఏ క్షణంలోనైనా ఒక్క గోళం మాత్రమే ఆకర్షిస్తుంది. ప్రతి గ్రహం చుట్టూ ఒక ఎల్లగీత ఉంటుంది. దాని లోపల ఉన్నంతసేపూ ఆ గ్రహానిదే రాజ్యం, గీత దాటిన మరుక్షణం సూర్యుడిది. ఇలా ముక్కలు ముక్కలుగా ఉన్న కక్ష్యలను అతికించి దారి గీసే పద్ధతి ఆటకోసం కనిపెట్టిందేమీ కాదు. నిజమైన యాత్రలకు తొలి ముసాయిదా వేసేటప్పుడు ఇంజనీర్లు కూడా దీన్ని వాడతారు. రెండు వస్తువుల మధ్య ఆకర్షణకు కెప్లర్ నాటి నుంచి చక్కని సూత్రం ఉంది. నౌక ఏడాది తరవాత ఎక్కడ ఉంటుందో దానితో ఒక్కసారిగా తేల్చవచ్చు. ఆటలో కాలాన్ని లక్ష రెట్ల వేగంతో పరుగెత్తించగలగడం ఆ సూత్రం చలవే. మూడో వస్తువు ఆకర్షణను కూడా కలిపితే అన్ని సందర్భాలకూ పనికొచ్చే అలాంటి సులభసూత్రం దొరకదు. కాలాన్ని చిన్న చిన్న అంగలుగా కోసి, ఒక్కో అంగా లెక్కిస్తూ పోవాలి.

ఎల్1 అసలు ఎలా పుడుతుందో చూడండి. అది భూమి నుంచి సూర్యుడి వైపు సుమారు 15 లక్షల కిలోమీటర్ల దూరంలో, అంటే సూర్యుడికి మనకంటే ఒక శాతం దగ్గరగా ఉంటుంది. సూర్యుడు ఒక్కడే లాగితే అక్కడున్న వస్తువు ఏడాది కంటే అయిదు రోజులకు పైగా ముందే చుట్టు పూర్తిచేసి, భూమిని వదిలి ముందుకు వెళ్లిపోవాలి. కానీ వెనక నుంచి భూమి కూడా దాన్ని లాగుతూ సూర్యుడి పట్టును కొంత సడలిస్తుంది కాబట్టి, అది సరిగ్గా భూమితో అడుగు కలిపి నడుస్తుంది. ఇద్దరూ ఒకేసారి లాగితేనే ఆ బిందువు ఉంటుంది. భూమికి కెర్బల్ పద్ధతిలో ఎల్లగీత గీస్తే అది తొమ్మిది లక్షల కిలోమీటర్ల చిల్లర దగ్గరే ముగుస్తుంది. ఎల్1 దానికి బయట పడుతుంది. కాబట్టి అక్కడ భూమి ఉన్నట్లే లెక్కలోకి రాదు. మీ నౌక జారిపోయిందంటే ఆ అయిదు రోజుల తేడా మీ కళ్లెదుట కనిపించిందన్నమాట.

2023 సెప్టెంబర్ 2న బయలుదేరి 2024 జనవరి 6న గమ్యం చేరిన ఆదిత్య-ఎల్1 కూడా ఆ బిందువు మీద కదలకుండా కూర్చోలేదు. దాని చుట్టూ హేలో కక్ష్యలో, ఒక్కో చుట్టుకు సుమారు 178 రోజుల చొప్పున తిరుగుతోంది. ఆ స్థానం కొండకొమ్మున నిలిపిన గుండులాంటిది. కొంచెం పక్కకు ఒరిగితే ఇంకా ఒరుగుతుంది కనుక అప్పుడప్పుడు థ్రస్టర్లతో సరిదిద్దుతూ ఉండాలి. మీ ప్రయోగం కొనసాగించాలంటే ‘ప్రిన్సిపియా’ అనే మోడ్ ఉంది. అది అన్ని గోళాల ఆకర్షణనూ కలిపి లెక్కిస్తుంది. కాకపోతే కంప్యూటర్ కొంచెం గట్టిది కావాలి, ఓపిక అంతకంటే గట్టిది కావాలి.

ప్రశ్న: అపోలో 11 మూడు రోజుల్లో చంద్రుడి కక్ష్య చేరింది. చంద్రయాన్-3 నేల మీద దిగడానికి నలభై రోజులు పట్టింది. ఆటలో నేను ఒకే ఊపులో వెళ్తున్నాను. మనవాళ్లు ఎందుకు అలా చేయలేదు?
— విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, విజయనగరం

జవాబు: రాకెట్టు బలంలో తేడా అండీ. అపోలోను మోసుకెళ్లిన శాటర్న్-5 నలభై టన్నులకు పైగా బరువును నేరుగా చంద్రుడి దారి పట్టించగలిగేది. చంద్రయాన్-3 బరువు 3.9 టన్నులు, ఎల్‌వీఎం3 దాన్ని 2023 జూలై 14న భూమికి 170 కిలోమీటర్ల దగ్గరగా, 36,500 కిలోమీటర్ల దూరంగా సాగే కోడిగుడ్డు ఆకారపు కక్ష్యలో వదిలింది. అక్కడి నుంచి నౌక తన చిన్న ఇంజన్‌ను ప్రధానంగా భూమికి అతి దగ్గరగా వచ్చినప్పుడు మండిస్తూ కక్ష్యను సాగదీసుకుంటూ పోయింది. అక్కడే ఎందుకంటే, శక్తి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. సెకనుకు పది కిలోమీటర్ల వేగం మీద చేర్చిన వంద మీటర్లు, ఒక కిలోమీటరు వేగం మీద చేర్చిన అదే వంద మీటర్లకంటే దాదాపు పదింతల శక్తినిస్తాయి. ఖర్చయ్యే ఇంధనం ఒక్కటే. దీన్ని ఒబెర్త్ ప్రభావం అంటారు. ఆగస్టు 1న భూమిని వీడి, 5న చంద్రుడి కక్ష్య చేరి, దిగవలసిన చోట తెల్లవారే దాకా ఆగి 23న దిగింది. ఆటలో చంద్రుడు కెర్బిన్‌కు 12 వేల కిలోమీటర్ల దూరంలోనే ఉంటుంది కాబట్టి ఆ అనుభవంతో పోల్చకండి.

ప్రశ్న: కొన్ని ఆటల్లో ఇంజన్ ఆపగానే నౌక ఆగిపోతుంది. ఇది నిజమేనా?
— తొమ్మిదో తరగతి విద్యార్థిని, ఒంగోలు

జవాబు: కాదమ్మా. ఆపేది ఏదీ లేనిచోట అది అదే వేగంతో సాగిపోతూనే ఉంటుంది. యుద్ధాలు చేసే ఆటల్లో గురి కుదరడం కోసం నౌకలను విమానాల్లా నడిపిస్తారు. 2014లో వచ్చిన ‘ఎలీట్ డేంజరస్’లో ఆ సాయాన్ని ఆపివేసే మీట ఉంది, ఒకసారి ఆపి చూడు.

ప్రశ్న: మా అబ్బాయి ఆరో తరగతి. డబ్బు పెట్టకుండా నేర్పగలిగినది ఏదైనా ఉందా?
— గృహిణి, సింగపూర్

జవాబు: మార్టిన్ ష్వైగర్ రూపొందించి 2000లో విడుదల చేసిన ‘ఆర్బిటర్’ ఉచితం, 2021లో దాని మూలసంకేతాన్ని కూడా అందరికీ తెరిచారు. అందులో గ్రహాల కొలతలు నిజమైనవే. అయితే అది విండోస్ కంప్యూటర్ మీద ఆడటానికి తయారైంది, తెర నిండా అంకెలూ గీతలే ఉంటాయి, రాకెట్టు కట్టే సరదా ఉండదు. ఆరో తరగతి పిల్లవాడు మొదటి రోజే విసిగిపోవచ్చు. అందుకని కెర్బల్‌కు ఉచిత నమూనా దొరికితే ముందు దానితో మొదలుపెట్టించి, రాకెట్టు ఎందుకు పేలిందని వాడే అడగడం మొదలుపెట్టాక ఆర్బిటర్ పెట్టి ఇవ్వండి.