నాయన చేలో చెనక్కాయ, రెసిన్‌లో బుడగలు

ప్రశ్న: అక్కా, మా నాయన పోయిన ఏడాది చేను అమ్మేశాడు. ఆఖరు పంటలోని చెనక్కాయలు కొన్ని దాచుకున్నా. గట్టుమీది తంగేడు పూలతో కలిపి, గాజులా గట్టిపడే ద్రవమైన ఎపాక్సీ రెసిన్‌లో పోసి, కీచెయిన్ చేసి ఆయనకు ఇద్దామనుకున్నా. కాయ తేలిపోయింది, చుట్టూ బుడగలు. పూలు వారానికే గోధుమరంగుకు తిరిగాయి. ఇక నాలుగు కాయలే మిగిలాయి.
— పాఠకురాలు, ధర్మవరం

జవాబు: ఆ నాలుగూ ఇప్పుడే ముట్టుకోవద్దు చెల్లీ. ముందు అంగట్లో కొన్న కాయలతో చెయ్యి తిప్పుకో.

చెనక్కాయ డొల్లలో గాలి ఉంటుంది. రెసిన్ గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది, ఆ వేడికి లోపలి గాలి ఉబ్బి పొట్టు గుండా బయటికొస్తుంది. కాయ ఊపితే గింజ గలగలమనే దాకా ఎండబెట్టు. తర్వాత కలిపిన రెసిన్‌నే బ్రష్‌తో పలుచగా పూసి ఒక రోజు వదిలెయ్. మర్నాడు ఇంకో పూత. అచ్చులో ముందు మూడు, నాలుగు మిల్లీమీటర్లే పొయ్యి. అది తాటిముంజలా అయ్యాక కాయను అందులో కూర్చోబెట్టు, ఇక తేలదు. అది కుదురుకున్నాక మిగతాది రెండు విడతలుగా పొయ్యి.

పూలు పాడైంది తడి వల్ల. పొద్దున మంచు ఆరాక కోసి, తడి పీల్చే గుళికలైన సిలికా జెల్‌లో వారం పూడ్చిపెట్టు. రేకు అప్పడంలా పెళుసుగా ఉంటేనే వాడు.

మన ఎండల సంగతి మరిచిపోవద్దు. కర్నూలులో ఓ మే నెల మధ్యాహ్నం, మా అమ్మ దాచిన ఎండు వేపపూతను గ్లాసు నిండా పోసిన రెసిన్‌లో వేశాను. గ్లాసు పట్టుకోలేనంత కాలింది, రెసిన్ నిలువునా చీలింది. ఆ పూత మళ్లీ దొరకలేదు, ఇప్పటికీ బాధే. వేసవిలో తెల్లవారుజామునే పోస్తాను, అదీ పలుచగా.

రెసిన్, దాన్ని గట్టిపరిచే హార్డెనర్, సీసా మీది కొలత ప్రకారమే కలుపు. ఆ కొలత తూకానిదా (గ్రాములు), గిన్నెదా (మిల్లీలీటర్లు) అని చూసుకో. తప్పితే ఎన్నాళ్లైనా జిగట పోదు. చేతికి గ్లోవ్స్, కిటికీలు బార్లా.

గట్టుమీద గురివింద గింజలు కనబడినా తేవద్దు. అందంగా ఉంటాయి గానీ, తూటు పెడితే రాలే పొడి విషం.

నాలుగింటిలో రెండే రెసిన్‌కు వాడు. మిగతా రెండూ ఎండకు పెట్టకుండా ఉంచి, తొలకరికి కుండీలో విత్తి చూడు. నీళ్లు మీ నాయన చేతే పోయించు.