షుగరు, కిడ్నీ జబ్బు ఉన్నాయి, మోకాలు వాచింది, యూరిక్ యాసిడ్ 5.8. గౌట్ కాదా?

ఆదోని తమ్ముడూ, మీ నాన్నగారికి 64 ఏళ్లు, షుగరు, బీపీ, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 2.1. రాత్రికి రాత్రి మోకాలు వాచింది, ఒళ్లు వెచ్చగా ఉంది. యూరిక్ యాసిడ్ 5.8 చూసి గౌట్ (యూరిక్ యాసిడ్ స్ఫటికాలు కీలులో చేరి వచ్చే వాపు) కాదని చెప్పి, డైక్లోఫెనాక్ అనే నొప్పి ఇంజెక్షన్ వేసి పంపారన్నారు.

ఆ 5.8ని నమ్మొద్దు. నొప్పి ఉధృతంగా ఉన్నప్పుడు యూరిక్ యాసిడ్ తగ్గి కనిపించడం మామూలే. తగ్గాక రెండు మూడు వారాలకు మళ్లీ చేయించాలి. 9 వచ్చినా గౌటేనని కాదు, కిడ్నీ బలహీనపడితే అది ఊరికే కూడా పెరుగుతుంది.

తేల్చేది కీలులోని నీరే. కర్నూలు పెద్దాసుపత్రిలో చూపించి, ముందు నీరు తీయమని గట్టిగా అడగండి. మోకాలు తేలికైన చోటు: బెటాడిన్‌తో తుడిచి, తిమ్మిరి మందు ఇచ్చి, చిప్ప పక్కనుంచి 18 లేదా 20 నంబరు సూదితో లాగుతారు. నీరు గంజిలా చిక్కగా వస్తే గౌటూ కావచ్చు, చీమూ కావచ్చు, చూపుతో చెప్పలేం. అందుకే మొదట కల్చర్‌కు (బ్యాక్టీరియా పెరుగుతుందేమో చూసే పరీక్ష), తర్వాత కణాల లెక్కకు, గ్రామ్ స్టెయిన్‌కు (రంగు వేసి బ్యాక్టీరియాను చూడటం), స్ఫటికాలు చూసే స్లైడుకు పంపాలి. యాంటీబయాటిక్ ముందే పడితే కల్చర్‌లో ఏమీ పెరగకపోవచ్చు. పోలరైజింగ్ మైక్రోస్కోపు కింద గౌట్ స్ఫటికాలు సూదుల్లా మెరుస్తాయి. సూడోగౌట్ (కాల్షియం స్ఫటికాల వల్ల గౌట్‌లాగే వచ్చే వాపు) స్ఫటికాలు పొట్టిగా, పలకల్లా, మసగ్గా ఉంటాయి. ఈ వయసులో మోకాలికి సూడోగౌట్ చాలా సాధారణం, ఎక్స్‌రేలో మృదులాస్థిలో తెల్లగీత పడుతుంది. స్ఫటికాలు కనబడ్డాయని చీము లేదనుకోకూడదు, రెండూ కలిసి ఉండవచ్చు. షుగరూ జ్వరమూ ఉన్న మనిషికి కల్చర్ వచ్చేదాకా కీలులోకి స్టెరాయిడ్ వేయనివ్వొద్దు.

నాకు ఒళ్లుమండేది ఆ డైక్లోఫెనాక్ మీద. రామిప్రిల్, టెల్మిసార్టాన్ లాంటి బీపీ మాత్ర, నీరు తీసే మాత్ర, పైన ఇది. మూడూ కలిస్తే ఉన్న కాస్త కిడ్నీ కూడా కొద్దిరోజుల్లో పడిపోవచ్చు. మన ఎండలకు ఒంట్లో నీరే ఉండదు, అప్పుడు మరీ ప్రమాదం.

చీము లేదని తేలితే ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర రోజుకు 30 మి.గ్రా., ఐదు రోజులు. దీంతో షుగరు మధ్యాహ్నం, సాయంత్రం ఎక్కువ ఎగురుతుంది, పరగడుపు రీడింగు ఒక్కటే చూస్తే తెలియదు. దాని బదులు గౌట్ నొప్పి తగ్గించే కోల్చిసిన్ అయితే 0.5 మి.గ్రా. మాత్రలు రెండు, గంటకు ఇంకొకటి, అంతే. క్రియాటినిన్ ఇంత ఉన్నప్పుడు రెండు వారాల్లోపు మళ్లీ వాడొద్దు. క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్‌తో అసలే వద్దు. స్టాటిన్ (కొలెస్ట్రాల్ మాత్ర) వాడుతుంటే కండరాల నీరసం గమనించాలి.

అందరూ పప్పు మాన్పిస్తారు. కందిపప్పు, ఉలవలు గౌట్ తెచ్చేవి కావు. మానాల్సింది బోటీ, లివర్, బీరు. గుండెకిచ్చిన ఆస్పిరిన్ 75 ఆపొద్దు.

గౌటని తేలి, నొప్పులు మళ్లీమళ్లీ వస్తుంటే యూరిక్ యాసిడ్ తగ్గించే అల్లోప్యూరినాల్ 50 మి.గ్రా.తో మొదలుపెట్టి, రెండు నుంచి నాలుగు వారాలకోసారి పెంచుతూ, యూరిక్ యాసిడ్ 6 కిందికి తేవాలి. కిడ్నీ జబ్బు ఉంది కాబట్టి 100 మి.గ్రా. దాటకూడదన్నది పాత మాట. మధ్యలో నొప్పి వచ్చినా ఆపొద్దు. ఒంటిమీద దద్దుర్లో, నోట్లో పుండ్లో కనిపిస్తే మాత్రం ఆ పూటే ఆపి ఆసుపత్రికి తీసుకెళ్లండి.