పాఠకుల ప్రశ్నలు: వెర్బల్ మార్కులు పెరగాలంటే ఏం చదవాలి?

పోటీ పరీక్షల ఇంగ్లిష్ (వెర్బల్) గురించి వచ్చిన ఉత్తరాల్లో అయిదింటికి ఈ సంచికలో జవాబులిస్తున్నాం. ఒకే సందేహం చాలామంది అడిగిన చోట ఒక్క ఉత్తరాన్నే తీసుకున్నాం.

ప్రశ్న: డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. ఎంబీఏ ప్రవేశపరీక్ష క్యాట్ కోసం ఏడాదిగా రోజూ ఇంగ్లిష్ పేపర్లో ఎడిటోరియల్ చదువుతున్నాను. పండగ రోజు కూడా మానలేదు. మాక్ టెస్టుల్లో ఆర్‌సీ (పాసేజీ చదివి జవాబులిచ్చే రీడింగ్ కాంప్రహెన్షన్) మార్కులు మాత్రం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. ఇంకేం చదవమంటారు?
— ఒక విద్యార్థిని, విజయనగరం

జవాబు: మీరు చదివే సరుకు ఒకటి, పరీక్షలో ఇచ్చే సరుకు ఇంకొకటి. ఎడిటోరియల్ నిన్నటి వార్త మీద రాసేది. ధరలు, కోర్టు తీర్పులు, ఎన్నికలు... సంగతి సగం మీకు ముందే తెలుసు. అర్థం కాని వాక్యం వచ్చినా ఆ తెలిసినదాన్ని పట్టుకుని గట్టున పడిపోతారు. క్యాట్‌లో ఆ ఊతకర్ర దొరకదు. అక్కడ వచ్చేవి మానవశాస్త్రం, తత్వశాస్త్రం, పర్యావరణం, కళావిమర్శ లాంటి విషయాలు. 2024 పేపర్లో ఇంగ్లిష్ విభాగానికి 40 నిమిషాలు, 24 ప్రశ్నలు. అందులో 16 ప్రశ్నలు నాలుగు పాసేజీల మీదే వచ్చాయి. ఒక్కో పాసేజీకి ఏడు నిమిషాలు పెట్టుకుంటే మిగతా ఎనిమిది ప్రశ్నలకి పన్నెండు నిమిషాలు మిగులుతాయి.

కొత్త సరుకు వెతికే ముందు ఒక చిన్న పరీక్ష పెట్టుకోండి. ఏదైనా తెలుగు దినపత్రిక సంపాదకీయం ఒకసారి చదివి, పేపరు మూసేసి, రచయిత ఏమంటున్నాడో, ఎవరి మాట కాదంటున్నాడో రెండు వాక్యాల్లో రాయండి. తెలుగులోనే రాయలేకపోతే మీ ఇబ్బంది ఇంగ్లిష్‌తో కాదు, వాదన పట్టుకోవడంతో. అలాంటప్పుడు ఎన్ని ఇంగ్లిష్ వ్యాసాలు చదివినా బూడిదలో పోసిన పన్నీరే. ముందు ఓ పదిహేను రోజులు ఈ పని తెలుగులోనే చెయ్యండి. తెలుగులో సులువుగా వచ్చేస్తే ఇప్పుడు చెప్పే దారిలో వెళ్లండి.

ఏయాన్ వెబ్ పత్రికలో 2,000 నుంచి 4,000 పదాల వ్యాసాలు ఉచితంగా దొరుకుతాయి. గత క్యాట్ పాసేజీల్లో ఇక్కణ్ణుంచి తీసుకున్నవి ఉన్నాయి. చరిత్ర, పురాతత్వం కోసం స్మిత్‌సోనియన్, సైన్సుకి క్వాంటా, పర్యావరణానికి మన దేశంలోనే వచ్చే డౌన్ టు ఎర్త్ చూడండి. వారంలో రెండు రోజులు చరిత్రకి, ఒక రోజు సైన్సుకి, ఒక రోజు ఆర్థికానికి ఇచ్చి, రెండు రోజులు మీకు బొత్తిగా ఇష్టం లేని విషయానికి ఇవ్వండి. ఆ రెండు రోజులే అన్నిటికంటే ముఖ్యం. కామర్స్ విద్యార్థులు తత్వశాస్త్రం వ్యాసం కనబడగానే పేజీ తిప్పేస్తారు. పరీక్షలో తిప్పడానికి పేజీ ఉండదు. ఆదివారం కొత్తది వద్దు. పాత క్యాట్ పేపర్లోంచి రెండు పాసేజీలు గడియారం పెట్టుకుని చెయ్యండి.

రోజుకి ఒక్క వ్యాసం, నలభై అయిదు నిమిషాలు చాలు. మొదట ఎక్కడా ఆగకుండా, డిక్షనరీ ముట్టుకోకుండా చదవండి. 2,000 పదాలకి పది పన్నెండు నిమిషాలు పట్టాలి. ఇరవై దాటుతోందంటే ఆ వ్యాసం ఇప్పటికి మీకు బరువు, తేలికదాన్ని ఎంచుకోండి. తర్వాత స్క్రీన్ మూసేసి నాలుగు ముక్కలు రాయండి: రచయిత వాదన, ఎవరిని కాదంటున్నాడు, ఆధారం ఏమిటి, వ్యాసం ఎక్కడ మలుపు తిరిగింది. అప్పుడు రెండోసారి చదివి, రాసింది సరిచూసుకోండి. డిక్షనరీ ఈ రెండో విడతలోనే, అదీ అయిదు పదాలకి మించకుండా.

మలుపు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎక్కువమంది బోల్తా పడేది అక్కడే. మొదటి పేరా అంతా ‘అడవిని కాపాడాలంటే మనుషుల్ని బయటికి పంపాలి’ అని సాగిందనుకోండి. రెండో పేరా ‘యెట్’ అనో ‘దిస్ వ్యూ, హౌయెవర్’ అనో మొదలైతే, మొదటి పేరాలో ఉన్నది రచయిత మాట కాదు, ఆయన కొట్టేయబోయే మాట. ప్రశ్నలిచ్చేవాళ్లకి ఇది తెలుసు. రచయిత అభిప్రాయం ఏమిటని అడిగి, మొదటి పేరాలోని వాక్యాన్నే కొంచెం మార్చి ఒక ఆప్షన్‌గా పెడతారు. చదివిన పదాలే మళ్లీ కనబడ్డాయి కదా అని చెయ్యి దానిమీదికే పోతుంది. మార్కు పోవడమే కాదు, ఒకటి మైనస్ కూడా. రోజూ రాసే నాలుగు ముక్కల్లో ‘ఎవరిని కాదంటున్నాడు’ అన్నది ఈ గోతిలో పడకుండా ఉండడానికే.

ఎడిటోరియల్ పూర్తిగా మానేయనక్కర్లేదు. దానికి పది నిమిషాలు చాలు.

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ మూడో సంవత్సరం. విదేశాల్లో పీజీ కోసం జీఆర్‌ఈ రాస్తానంటోంది. మూడు వేల పదాల పుస్తకం ఒకటి కొనిచ్చాను. రోజూ యాభై బట్టీ పడుతోంది, వారం తిరిగేసరికి నలభై మర్చిపోతోంది. పిల్లకి జ్ఞాపకశక్తి తక్కువా, లేక పుస్తకం మార్చాలా? ఏటి చదివించమంటారు?
— ఒక తండ్రి, నరసన్నపేట

జవాబు: పిల్ల జ్ఞాపకశక్తికి ఢోకా లేదండీ. రోజుకి యాభై పదాలంటే ఎవరైనా మర్చిపోతారు. ఎనిమిది, పది చాలు. నేర్చుకున్నవాటిని మర్నాడు, మూడో రోజు, వారానికి, రెండు వారాలకి, నెలకి మళ్లీ తిరగేయాలి. అలా మూడు నెలలు చేస్తే ఏడెనిమిది వందల పదాలు గట్టిగా చేతికొస్తాయి. పైపైన తెలిసిన మూడు వేలకంటే ఇవే పరీక్షలో పనికొస్తాయి.

పుస్తకం కన్నా పెద్ద చిక్కు, పదం పక్కన ఒక్క తెలుగు మాట రాసుకుని అయిపోయిందనుకోవడం. ఫ్రూగల్, పార్సిమోనియస్ రెండింటికీ ‘పొదుపు’ అని రాసుకుంటే ఖాళీ నింపే ప్రశ్నలో ఏది పెట్టాలో తెలీదు. మన మాటల్లోనే చూడండి: పొదుపరి అంటే మెచ్చుకోలు, పిసినారి అంటే తిట్టు. రూపాయి ఖర్చు పెట్టకపోవడం రెండింట్లోనూ ఒకటే. ఫ్రూగల్ మొదటి వైపు, పార్సిమోనియస్ రెండో వైపు. అందుకని నోట్సులో అర్థంతోపాటు ఆ పదం కనబడిన వాక్యం మొత్తం రాయించండి. పక్కన మెచ్చుకోలైతే కూడిక గుర్తు, తిట్టైతే తీసివేత గుర్తు, రెండూ కాకపోతే సున్నా.

తెలిసినట్టే కనబడే పదాలు ఇంకా ప్రమాదం. క్యాజువాలిటీ అంటే మనకి పెద్దాసుపత్రిలో వార్డు, ఇంగ్లిష్ వ్యాసంలో యుద్ధంలోనో ప్రమాదంలోనో చనిపోయిన, గాయపడిన మనిషి. శాంక్షన్ అంటే మన ఆఫీసుల్లో మంజూరు, ఒక దేశం మీద శాంక్షన్స్ అంటే ఆంక్షలు. క్వాలిఫై అంటే మనకి గట్టెక్కడం, కానీ ‘హిజ్ సపోర్ట్ వాజ్ క్వాలిఫైడ్’ అంటే ఆయన మద్దతిచ్చాడు గానీ షరతులు పెట్టాడు అని. వాంట్‌కి లేమి అన్న అర్థం, ఫ్లాగ్‌కి నీరసించడం అన్న అర్థం ఉన్నాయి. జీఆర్‌ఈ వాళ్లకి ఈ రెండో అర్థాలంటే మక్కువ. వీటికి నోట్సులో విడిగా నాలుగు పేజీలు కేటాయించమనండి.

ఇక చదవడం సంగతి. 2023 సెప్టెంబరు నుంచి ఈ పరీక్షని కుదించారు. వెర్బల్ రెండు భాగాలు: 12 ప్రశ్నలకి 18 నిమిషాలు, 15 ప్రశ్నలకి 23 నిమిషాలు. మొదటి భాగం ఎలా రాశారన్నదాన్ని బట్టి రెండో భాగం కష్టమో సులువో తేలుతుంది. సుమారు సగం ప్రశ్నలు పాసేజీల మీదే కాబట్టి పదాల పుస్తకం ఒక్కటే పట్టుకుంటే సగం పరీక్షకే తయారైనట్టు. జీఆర్‌ఈ పాసేజీలు చాలావరకు ఒక్క పేరావే. చిన్నవే గానీ చిక్కనివి, ఒక పండితుడి మాటని ఇంకో పండితుడు కాదనే తరహావి. దీనికి పుస్తక సమీక్షలంత మంచి సాధన లేదు. ఒకే వాక్యంలో పొగుడుతూ చురక పెట్టడం సమీక్షకుల అలవాటు. ఏ మాట దగ్గర పొగడ్త ఆగి చురక మొదలైందో పెన్సిల్‌తో గీత గీయమనండి. వారానికి మూడు సమీక్షలు చాలు.

నమూనా ప్రశ్నలకి మాత్రం బయటి గైడ్ల కంటే పరీక్ష పెట్టే ఈటీఎస్ ఇచ్చేవే ముందు వాడాలి. వాళ్ల సైట్‌లో పవర్‌ప్రెప్ పేరుతో రెండు పూర్తి టెస్టులు ఉచితం. ఒకటి మొదట్లో, రెండోది పరీక్షకి మూడు వారాల ముందు రాస్తే మంచిది. రెండూ ఒకే వారంలో అవగొట్టేసి తర్వాత చేతులు నలుపుకునేవాళ్లే ఎక్కువ.

ప్రశ్న: నేను పది వరకూ తెలుగు మీడియం. బ్యాంకు, ఎస్సెస్సీ (స్టాఫ్ సెలక్షన్ కమిషన్) ఉద్యోగ పరీక్షలు రాస్తున్నాను. కోచింగ్ కోసం రోజూ రైల్లో పోనూ రానూ రెండు గంటలు. ఇంగ్లిష్ పేపరు కొంటే మొదటి పేజీలోనే నిద్రొస్తోంది. ఎక్కడ మొదలుపెట్టాలి?
— ఒక నిరుద్యోగి, ఆమదాలవలస

జవాబు: మొదటి పేజీ వదిలేయండి. పొద్దున్న తెలుగు పేపర్లో మన జిల్లా వార్తలు చదివేస్తారు కదా, అవే వార్తలు విశాఖ ఎడిషన్ ఇంగ్లిష్ పేపర్లో వెతికి చదవండి. తుపాను హెచ్చరికో, పలాస జీడిపప్పు ధరో, ఏదైనా సరే. సంగతి ముందే తెలుసు కనుక మిగిలేది భాష ఒక్కటే. వంద పదాల్లో తెలియనివి రెండు మూడు ఉంటే అది మీకు తగిన చదువు. పది ఉంటే చదవడం కాదు, డిక్షనరీ చూడడం అవుతుంది. నెల తర్వాత ఎన్‌సీఈఆర్‌టీ ఎనిమిది నుంచి పదో తరగతి దాకా ఇంగ్లిష్ మీడియం సోషల్ పుస్తకాల్లోకి వెళ్లండి. వాళ్ల సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. మీకొచ్చే పాసేజీలకి ఆ భాష చాలా దగ్గర. ఎడిటోరియల్ ఆ తర్వాతి మెట్టు.

చదివేటప్పుడు మన భాష పెట్టే చిక్కు ఒకటుంది. ‘తుపానులో పడవలు పోగొట్టుకున్న మత్స్యకారులు’ అని మనం విశేషణాలన్నీ ముందు చెప్పి మనిషిని తర్వాత చెబుతాం, క్రియ చిట్టచివర. ఇంగ్లిష్‌లో ఫిషర్‌మెన్ ముందొస్తారు, పడవల కథంతా ‘హూ’ తర్వాత వస్తుంది, అసలు క్రియ మధ్యలో ఎక్కడో దాక్కుంటుంది. పొడుగు వాక్యం చివరి దాకా వెళ్లి ఎవరు చేశారో మర్చిపోవడం అందుకే. రైల్లో పెన్సిల్ పట్టుకుని ప్రతి పొడుగు వాక్యంలో కర్తకి ఒక గీత, అసలు క్రియకి రెండు గీతలు పెట్టండి. మూడు వారాల్లో పెన్సిల్ లేకుండానే కన్ను పడుతుంది. తప్పులు పట్టే ప్రశ్నల్లో కర్తకీ క్రియకీ పొత్తు కుదరనివే బోలెడు, వాటికీ ఇదే మందు.

తెలుగులోంచి నేరుగా దిగుమతయ్యే తప్పులకి ఒక పట్టీ రాసుకోండి. ‘అతని మీద కోపం’ అంటాం కాబట్టి ‘యాంగ్రీ ఆన్ హిమ్’ అంటాం. ‘యాంగ్రీ విత్ హిమ్’ అనాలి. ‘ఆమెతో పెళ్లి’ అంటాం కాబట్టి ‘మ్యారీడ్ విత్’. ‘మ్యారీడ్ టు’ అనాలి. ‘డిస్కస్ అబౌట్’, ‘రిటర్న్ బ్యాక్’, ‘వన్ ఆఫ్ మై ఫ్రెండ్’, ‘సుపీరియర్ దాన్’ అన్నీ ఈ జాతివే. ‘డిస్కస్’, ‘రిటర్న్’, ‘వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్’, ‘సుపీరియర్ టు’ అనాలి. డిగ్రీ చదివినవాళ్లు రాసే ఎస్సెస్సీ సీజీఎల్ పరీక్ష మొదటి అంచెలో ఇంగ్లిష్‌కి 25 ప్రశ్నలు, 50 మార్కులు, తప్పుకి అర మార్కు కోత. ఇలాంటి ప్రశ్న ఒకటి చేజారితే మొత్తం మీద రెండున్నర మార్కుల తేడా.

పేరాలో ఖాళీలు నింపే క్లోజ్ టెస్టు కోసం పుస్తకం కొనక్కర్లేదు. రాత్రి ఒక పేరా చదివి, ప్రతి ఏడో పదం మీద చిన్న కాగితం ముక్క అంటించండి. మర్నాడు తిరుగు రైల్లో ఆ ఖాళీలు నింపండి. ఎక్కువగా తప్పేవి పెద్ద పదాలు కావు, ఆఫ్, ఇన్, ది లాంటి చిన్నవే.

ప్రశ్న: నవలలు చదివితే లాభమా? పుస్తకం మంచిదా, ఫోన్ మంచిదా?
— ఒక పాఠకురాలు, బొబ్బిలి

జవాబు: నవల వల్ల కూర్చుని చదివే ఓపిక, వేగం వస్తాయి. వాదన పట్టుకునే అలవాటు మాత్రం వ్యాసాలతోనే వస్తుంది. నవల పడుకునే ముందు అరగంట చదవండి, సాధన లెక్కలో వెయ్యకండి. జిల్లా కేంద్ర గ్రంథాలయంలో కార్డు తీసుకుంటే కొనే ఖర్చు తప్పుతుంది. ఈ పరీక్షలన్నీ కంప్యూటర్ మీదే కాబట్టి వారంలో సగం చదువు తెర మీదే ఉండాలి, అదీ వీలైతే ఫోన్ కంటే పెద్ద తెర మీద. కాగితం మీద గీతలు పెట్టడం అలవాటైనవాళ్లకి పరీక్ష హాల్లో గీసే చోటు లేక చెయ్యి కట్టేసినట్టు ఉంటుంది. ఆఖరి రెండు నెలలు గీతలు మాని, పేరాకి మూడు మాటల చొప్పున రఫ్ కాగితం మీద రాసుకోండి.

ప్రశ్న: పెద్ద వ్యాసాలకి ఫోన్‌లో సారాంశం క్షణంలో వచ్చేస్తోంది. అది చదివితే టైం కలిసిరాదా?
— ఒక విద్యార్థి, రాజాం

జవాబు: పరీక్షలో మిమ్మల్ని అడిగేదే ఆ సారాంశం. క్యాట్‌లో ఒక పేరా ఇచ్చి దానికి సరైన సారాంశం ఏదో ఎంచుకోమనే ప్రశ్నలు విడిగా ఉంటాయి. పని ఫోన్ చేసేస్తే నేర్చుకునేది ఫోనే. వాడాలనుంటే వరస తిప్పండి: ముందు మీ నాలుగు ముక్కలు కాగితం మీద రాసి, ఆ తర్వాతే ఫోన్ తెరవండి. రెండూ తేడాగా వస్తే ఫోన్‌దే రైటని అనుకోవద్దు, మళ్లీ వ్యాసంలోకి వెళ్లి ఏ వాక్యం దగ్గర దారులు చీలాయో వెతకండి. ఆ వాక్యాన్ని నోట్సులో ఎక్కించండి. నెలకి ఇరవై వాక్యాలు పోగైతే, మీరు ఎక్కువగా తప్పేది ‘యెట్’ల దగ్గరో, రెండు నెగటివ్‌లు కలిసిన చోటో, పొడుగు వాక్యాల్లోనో ఆ పేజీ చూస్తేనే తెలుస్తుంది.