అక్కడ షాపులో బిల్లు వేసి అమ్ముతున్నారు కదా, మా వాడికేం భయం?

ప్రశ్న: మా అబ్బాయికి 24 ఏళ్ళు. అమెరికాలోని కొలరాడోలో ఎం.ఎస్. పూర్తి చేసి ఓపీటీ (చదువయ్యాక కొంతకాలం అక్కడ పనిచేసుకునే అనుమతి) మీద ఉద్యోగం వెతుక్కుంటున్నాడు. అక్కడ గంజాయి పండించి అమ్మే ఒక కంపెనీ డేటా అనలిస్టుగా తీసుకుంటానందట. సోమవారంలోగా జవాబివ్వాలట. "ఇక్కడ ఇది చట్టబద్ధమమ్మా. షాపులో బిల్లు వేసి అమ్ముతారు. ఆ పన్నుతో బడులు కడుతున్నారు. మందుగా కూడా పనికొస్తుంది. అరెస్టులు కూడా తగ్గాయి" అంటున్నాడు. వీకెండ్స్‌లో అప్పుడప్పుడు తనూ వాడతానని మాటల్లో నోరు జారాడు. అప్పటినుంచి వాళ్ళ నాన్న ఫోన్ తీయడం లేదు. డిసెంబరులో ఇంటికి వస్తున్నాడు. వాడి మాటల్లో నిజమెంత? వాడికి చట్టపరంగా ఇబ్బంది ఏమైనా ఉందా? - ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ అబ్బాయి చెప్పినవాటిలో అబద్ధం ఒక్కటీ లేదు. కాకపోతే అవన్నీ అమెరికా పౌరుడు చెప్పుకోదగ్గ మాటలు. మీవాడు అక్కడ ఉన్నది ఎఫ్1, అంటే స్టూడెంట్ వీసా మీద. సోమవారం గడువు ఉంది కాబట్టి ముందు ఉద్యోగం సంగతి చూద్దాం.

కొలరాడో ఓటర్లు 2012 నవంబరులో గంజాయిని చట్టబద్ధం చేశారు. 2014 జనవరి 1న దుకాణాలు తెరుచుకున్నాయి. 21 ఏళ్ళు నిండినవారు గుర్తింపు కార్డు చూపించి కొనుక్కోవచ్చు. ఇదంతా రాష్ట్ర చట్టం. వీసా ఇచ్చేది, రద్దు చేసేది, విమానాశ్రయంలో లోపలికి రానిచ్చేది మాత్రం కేంద్రం. అమెరికా కేంద్ర చట్టం 1970 నుంచి గంజాయిని నియంత్రిత మాదకద్రవ్యాల్లోనే ఉంచింది. దాన్ని ఆ చట్టంలోని ఒక షెడ్యూలు (జాబితా) నుంచి ఇంకో షెడ్యూలుకు మార్చాలన్న చర్చ చాలాకాలంగా ఉంది. మార్చినా అది నియంత్రిత పదార్థమే అవుతుంది, ఇమిగ్రేషన్ చట్టానికి ఆ ఒక్క మాట చాలు.

మీవాడు ఇప్పటికే ఒకసారి నింపిన వీసా దరఖాస్తు, డీఎస్-160 ఫారం గుర్తుచేయండి. నియంత్రిత పదార్థాలకు సంబంధించిన ఏ చట్టాన్నైనా ఎప్పుడైనా ఉల్లంఘించారా అని అందులో ఒక ప్రశ్న ఉంటుంది. మన పిల్లలు అలాంటి ప్రశ్నలన్నింటికీ వరసగా 'నో', 'నో' అని నొక్కుకుంటూ పోతారు. రేపు హెచ్1బీ (ఉద్యోగ వీసా) స్టాంపింగుకు వెళ్ళినప్పుడు అదే ప్రశ్న మళ్ళీ వస్తుంది. అవునంటే, కోర్టులో శిక్ష పడకపోయినా, అధికారి ముందు ఒప్పుకున్నందుకే వీసా నిరాకరించవచ్చు. కాదంటే, అబద్ధం చెప్పి వీసా పొందినట్టు. అది బయటపడితే జీవితాంతం ప్రవేశం లేకుండా పోయే ప్రమాదం ఉంది. ముందుకెళ్తే నుయ్యి, వెనక్కెళ్తే గొయ్యి. ఆ ప్రశ్నకు నిజాయితీగా 'నో' అనగలిగేలా బతకడమొక్కటే దారి. ఇప్పటికే వాడిన దాని గురించి ఏమని రాయాలో మాత్రం అక్కడి ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగకుండా నింపొద్దనండి.

30 గ్రాముల లోపైతే ఏమీ కాదని అక్కడి కుర్రాళ్ళు చెప్పుకుంటారు. అది సగం నిజం. సొంత వాడకానికి 30 గ్రాములు మించకుండా ఉంచుకున్నందుకు ఒక్కసారి శిక్ష పడినంతమాత్రాన దేశం నుంచి పంపించరన్న మినహాయింపు ఉంది. అది లోపల ఉన్నవాడిని బయటికి పంపే విషయంలో. బయటికొచ్చి మళ్ళీ లోపలికి వెళ్ళేటప్పుడు ఆ మినహాయింపు ఈ రకంగా పనిచేయదు. మీవాడు డిసెంబరులో ఇంటికొస్తున్నానన్నాడు కదా, అందుకని ఇంత వివరంగా చెబుతున్నాను. 2022 అక్టోబరులో అప్పటి అధ్యక్షుడు బైడెన్ చిన్నపాటి గంజాయి కేసులకు క్షమాభిక్ష ప్రకటించినప్పుడు కూడా అది పౌరులకూ గ్రీన్ కార్డు ఉన్నవారికీ మాత్రమే వర్తించింది. స్టూడెంట్ వీసా వాళ్ళు అందులో లేరు.

ఇక ఉద్యోగం. "నేను మొక్కను ముట్టుకోను కదా, కంప్యూటర్ ముందు కూర్చుంటాను" అంటాడు మీవాడు. అక్కడి వ్యాపారంలో కూడా మొక్కను ముట్టుకునే కంపెనీలు, ముట్టుకోని కంపెనీలు అని రెండు రకాలుగా చూస్తారు. పండించేవి, అమ్మేవి మొదటి రకం. వాటికి సాఫ్ట్‌వేర్ అమ్మేవి, అద్దెకు గోదాములిచ్చేవి రెండో రకం. మీరు రాసినదాన్నిబట్టి ఇది మొదటి రకమే. కేంద్ర చట్టం దృష్టిలో దాని వ్యాపారం మాదకద్రవ్యాల అమ్మకం. అందులో జీతం తీసుకునేవాడిని ఆ అమ్మకానికి చేయూతనిచ్చినవాడిగా చూసే అవకాశం ఉంది. గంజాయి పరిశ్రమలో పనిచేయడం, రాష్ట్రంలో చట్టబద్ధమైనా సరే, పౌరసత్వ దరఖాస్తులో సత్ప్రవర్తనకు అడ్డం కావచ్చని అమెరికా ఇమిగ్రేషన్ శాఖ 2019లోనే మార్గదర్శకం ఇచ్చింది. పౌరసత్వం గడప దాకా వెళ్ళినవాళ్ళ పరిస్థితే అది. ఓపీటీలో 90 రోజులకు మించి ఖాళీగా ఉండకూడదన్న టెన్షన్ మీవాడికి ఉంటుందని నాకు తెలుసు. అయినా ఈ ఉద్యోగం వద్దనే నా సలహా.

యూనివర్సిటీ హాస్టల్లో స్నేహితుల దగ్గర ఉంటున్నాడేమో కనుక్కోండి. కేంద్ర నిధులు తీసుకునే విద్యాసంస్థలు క్యాంపస్‌లో గంజాయిని నిషేధించి తీరాలి. బయట షాపులో ఎంత బిల్లు తీసుకున్నా అక్కడ అది చెల్లదు. కారు నడపడం ఇంకా ప్రమాదం. మద్యానికి బ్రెత్ ఎనలైజర్ ఉన్నట్టు దీనికి నమ్మదగ్గ పరీక్ష లేదు. కొలరాడోలో మిల్లీలీటరు రక్తంలో 5 నానోగ్రాముల టీహెచ్‌సీ (గంజాయిలో మత్తునిచ్చే పదార్థం) ఉంటే మత్తులో నడిపాడని కోర్టు భావించవచ్చు. రోజూ వాడేవాళ్ళ ఒంట్లో ఆ పదార్థం మత్తు దిగాక కూడా చాలాసేపు కనిపిస్తుంది. మత్తులో నడిపిన కేసులో అరెస్టయితే, తీర్పు రాకముందే వీసా రద్దయ్యే ప్రమాదం ఉంది.

ఇప్పుడు మన చట్టం. మన మాదకద్రవ్యాల చట్టం, అంటే ఎన్‌డీపీఎస్ చట్టం, 1985లో వచ్చింది. దాని మొదటి సెక్షనే చాలామంది వకీళ్ళు కూడా చదవకుండా దాటేస్తారు. ఈ చట్టం దేశం బయట ఉన్న భారత పౌరులకు కూడా వర్తిస్తుందని అందులోనే ఉంది. అంటే మీవాడు కొలరాడోలో ఉన్నా కాగితం మీద దీని పరిధిలోనే ఉన్నాడు. కంగారు పడకండి. విదేశంలో చేసిన పనికి ఇక్కడ విచారణ జరపాలంటే కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. అక్కడ వీకెండ్‌లో వాడాడని మన పోలీసులు వెతుక్కుంటూ రారు.

అసలు ప్రమాదం వచ్చేది సూట్‌కేసు నుంచి. గంజాయి పొగ రూపంలోనే ఉంటుందని మనం అనుకుంటాం. అక్కడ చాక్లెట్లు, బిస్కెట్లు, పండ్ల రుచి ఉన్న గమ్మీలు దొరుకుతాయి. బ్యాగులో ఏ జేబులోనో ఒక సగం ప్యాకెట్ మర్చిపోయి వచ్చాడనుకోండి. విమానాశ్రయంలో దొరికితే అది మాదకద్రవ్యాన్ని దేశంలోకి దిగుమతి చేసుకున్న నేరం. పైగా మిశ్రమంలో మత్తుమందు ఎంత ఉందని కాక, కలిపిన మామూలు పదార్థంతో సహా మొత్తం తూకం చూడాలని సుప్రీంకోర్టు 2020లో హీరాసింగ్ కేసులో చెప్పింది. అంటే చాక్లెట్ బరువు కూడా ప్రాసిక్యూషన్ తన ఖాతాలో వేసుకుంటుంది. 'నాకు తెలియకుండా బ్యాగులో ఉండిపోయింది' అన్నా, తెలిసే ఉంచుకున్నాడని కోర్టు ముందుగా ఊహిస్తుంది. తెలియదని రుజువు చేసుకోవలసిన భారం మీవాడిదే. బయల్దేరే ముందు రోజు బ్యాగు జేబులన్నీ తిరగేసి దులపమనండి.

ఇక్కడికొచ్చాక పాత స్నేహితులతో వాడితే? వాడకానికి 6 నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. దగ్గర కిలోలోపు గంజాయి దొరికితే ఏడాది వరకు శిక్ష. 20 కిలోలు మించితే వ్యాపార పరిమాణం. 10 నుంచి 20 ఏళ్ళు, బెయిల్ దొరకడమే గగనం. మీవాడికి 6 నెలల సెక్షనే చాలు. ఎఫ్.ఐ.ఆర్. ఉన్నవాడి తదుపరి వీసా ఇంటర్వ్యూ ఎలా నడుస్తుందో మీ ఊహకే వదిలేస్తున్నాను.

మీ అబ్బాయి వాదన విషయానికొద్దాం. పన్నుతో బడులు కడుతున్న మాట వాస్తవం. ఆ పన్నులో కొంత బడి భవనాలకు కేటాయిస్తారు. కొలరాడోకు 2021లో గంజాయి పన్ను మీద 42 కోట్ల డాలర్లకు పైగా వచ్చింది. ఆ తర్వాత తగ్గింది. పక్క రాష్ట్రాలు కూడా చట్టబద్ధం చేయడంతో బయటినుంచి వచ్చి కొనేవాళ్ళు తగ్గారు, ధరలు పడ్డాయి. ఆ ఆదాయం నిలకడగా ఉండాలంటే రోజూ వాడేవాళ్ళు కావాలి. అప్పుడప్పుడు వాడే మీ అబ్బాయిలాంటివాళ్ళతో ఏ వ్యాపారమూ నిలవదు. మద్యం ఆదాయం మీద ఆధారపడ్డాక ప్రభుత్వాలు తాగొద్దని ఎంత గట్టిగా చెబుతాయో మన రెండు తెలుగు రాష్ట్రాల వాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. అమెరికా మొత్తంమీద 2022 నాటికి రోజూ లేదా దాదాపు రోజూ గంజాయి వాడేవాళ్ళు 1.77 కోట్లు, అలాగే రోజూ తాగేవాళ్ళు 1.47 కోట్లు. మద్యాన్ని గంజాయి దాటేయడం అదే మొదటిసారి.

అరెస్టులు తగ్గాయన్నది మాత్రం నేను తేలిగ్గా కొట్టిపారేయను. అది నిజమైన లాభం. చిన్న పొట్లం కోసం కుర్రాడి మీద జీవితాంతం మాయని మచ్చ పడదు. మన దగ్గర పాడేరు, చింతపల్లి వైపు నుంచి బయల్దేరిన సరుకులో దొరికేది ఎక్కువగా మోసేవాడే. డబ్బు పెట్టినవాడు చార్జిషీటులో 'పరారీలో ఉన్నాడు' అన్న ఒక్క వాక్యంగా మిగులుతాడు. గోధుమరంగు టేపు చుట్టిన పొట్లాలు కోర్టులో బల్లమీద పెడతారు. చట్టం ప్రకారం గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొసలు మాత్రమే. కొసలు లేని ఆకూ గింజా లెక్కలోకి రావు. వాటిని వేరు చేయకుండా తూచారని నిందితుడి తరఫు వకీళ్ళం మేం వాదిస్తాం. తూకం 20 కిలోలకు కాస్త అటా, ఇటా అన్నదాన్నిబట్టి ఒక మనిషి పదేళ్ళు తేలిపోతాయి. ఇలాంటి కేసులు చూసినవాడిగా నాకు వాడేవాడిని జైలుకు పంపడం మీద నమ్మకం లేదు. అలాగని వీధికో దుకాణం తెరవమని కూడా అనను. థాయ్‌లాండ్ 2022 జూన్‌లో గంజాయిని మాదకద్రవ్యాల జాబితా నుంచి తీసేసింది. వీధివీధినా షాపులు వెలిశాయి. మూడేళ్ళు తిరిగేసరికి, 2025 జూన్‌లో, డాక్టరు చీటీ ఉండాలని వెనక్కి తగ్గింది. జర్మనీ 2024 ఏప్రిల్‌లో వేరే దారి పట్టింది: పెద్దవాళ్ళు బయట 25 గ్రాముల వరకు ఉంచుకోవచ్చు, ఇంట్లో మూడు మొక్కలు పెంచుకోవచ్చు, షాపులు మాత్రం లేవు. నన్నడిగితే లాభం కోసం అమ్మేవాడిని మధ్యలోకి రానివ్వని ఆ పద్ధతే నయం.

మందుగా పనికొస్తుందన్నది కూడా నిజమే, ఒక మేరకు. దీర్ఘకాలిక నొప్పికి, కీమోథెరపీ వాంతులకు ఉపయోగపడుతుందనడానికి గట్టి ఆధారాలున్నాయని అమెరికా జాతీయ అకాడమీలు 2017లో నివేదిక ఇచ్చాయి. పిల్లల్లో వచ్చే కొన్ని మొండి మూర్ఛలకు గంజాయి మొక్కనుంచి తీసిన మందుకు 2018లో అక్కడ అనుమతి వచ్చింది. అదే 2017 నివేదికలో గంజాయి వాడకానికీ స్కిజోఫ్రీనియావంటి తీవ్ర మానసిక జబ్బులకూ సంబంధం ఉందని, ఎక్కువ వాడేకొద్దీ ప్రమాదం పెరుగుతుందని కూడా ఉంది. ఆ పేజీ ఎవరూ ఫార్వర్డ్ చేయరు. 1990ల మధ్యలో అక్కడ పట్టుబడిన గంజాయిలో టీహెచ్‌సీ సుమారు 4 శాతం ఉండేది. ఇప్పుడు 15 దాటింది. మైనంలా, నూనెలా తీసిన సరుకులో 60 పైనే ఉంటుంది. తాతల కాలంలో లైసెన్సు దుకాణాల్లో అమ్మేవారు, ఎవరికేమైంది అనేవాళ్ళు ఈ తేడా గమనించాలి. 1893లో బ్రిటిష్ ప్రభుత్వం వేసిన కమిషన్ మితంగా వాడితే పెద్ద హాని లేదని చెప్పిన మాట నిజమే. ఆ కమిషన్ చూసిన సరుకు ఇది కాదు. మెదడు ఎదుగుదల సుమారు 25 ఏళ్ళ దాకా సాగుతుంది, మీవాడికి 24.

ఒక్క లెక్క చెప్పి ఆరోగ్యం సంగతి వదిలేస్తాను. గమ్మీలవంటి గంజాయి తినుబండారాలను మిఠాయిలనుకుని తిన్న ఆరేళ్ళలోపు పిల్లల కేసులు అమెరికా విషచికిత్స కేంద్రాలకు 2017లో 207 వచ్చాయి. 2021లో 3,054. ఎక్కువమంది తిన్నది తమ ఇంట్లోదే.

మీవారి కోపం నాకు అర్థమవుతుంది. కానీ ఫోన్ ఎత్తకపోతే వాడు ఇకనుంచి నోరు జారడు, అంతే. వారానికి ఎన్నిసార్లు, ఏ రకం, ఎప్పుడు మొదలైంది అన్నవి అడిగేది ఆయనే అయితే మంచిది. మానలేకపోతున్నానంటే డాక్టరు దగ్గరికి వెళ్ళమనండి. చికిత్స కోసం డాక్టరుకు చెప్పడం, వీసా అధికారి ముందు నేరం ఒప్పుకోవడం ఒకటి కాదు. మన ఎన్‌డీపీఎస్ చట్టంలో కూడా 64ఏ సెక్షన్ ఉంది. అలవాటుపడినవాడు చిన్న పరిమాణం కేసులో తనంతట తాను చికిత్సకు వెళ్ళి పూర్తిచేస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ దొరుకుతుంది. మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు.

నేను ఇక్కడి వకీలును. అమెరికా కాగితాల మీద సంతకం పెట్టే ముందు అక్కడి ఇమిగ్రేషన్ లాయర్‌తో ఒక గంట మాట్లాడించండి. ఫీజు భారమనిపించినా ఇది మిగిల్చుకునే చోటు కాదు. సోమవారం కంపెనీకి పంపే జవాబులో కారణాలు, వీసా సంగతులు, తన అలవాట్ల గురించి ఒక్క ముక్క కూడా ఉండకూడదు. "ఈ అవకాశాన్ని తీసుకోలేకపోతున్నాను, ధన్యవాదాలు" అని రాస్తే సరిపోతుంది.