బూస్ట్ పెంచాక టర్బో ఇంజన్ మిస్‌ఫైర్ అవుతోంది: కాయిల్ మార్చాలా, డ్వెల్ పెంచాలా?

మీరు చెప్పింది ఇదీ: నాలుగు సిలిండర్ల టర్బో ఇంజన్, ప్లగ్‌కో కాయిల్. బూస్ట్ (టర్బో అదనంగా తోసే గాలి పీడనం) 1 బార్ నుంచి 1.6 బార్‌కి పెంచాక 4,500 ఆర్‌పీఎం దగ్గర తడబడుతోంది, వైడ్‌బ్యాండ్ (ఎగ్జాస్ట్‌లోని ఆక్సిజన్ సెన్సర్) లీన్, అంటే ఇంధనం తక్కువ అని చూపిస్తోంది. ఏ కాయిల్ కొనాలి, డ్వెల్ (స్పార్క్‌కి ముందు కాయిల్‌లో కరెంట్ నింపే సమయం) ఎంత పెట్టాలి అని అడిగారు.

డబ్బు పెట్టే ముందు ప్లగ్ గ్యాప్ తగ్గించి చూడండి. ఇప్పుడు 0.8 మి.మీ. ఉంటే 0.6కి తెచ్చి, అదే బూస్ట్‌లో మళ్లీ లాగ్ (సెన్సర్ అంకెల రికార్డు) తీయండి. తడబాటు పోయినా, ఇంకా పై బూస్ట్‌కి జరిగినా లోపం ఇగ్నిషన్‌లోనే ఉన్నట్టు. ఏ తేడా రాకపోతే ఫ్యూయల్ ప్రెషర్, ఇంజెక్టర్ల వైపు వెళ్లండి.

లీన్ అని చూసి ఇంధనం మాత్రం పెంచకండి. నేను ట్యూన్ చేసిన ఇంజన్లలో మాటిమాటికీ ఎదురైన చిక్కు ఇదే. స్పార్క్ పడని సిలిండర్‌లో ఆక్సిజన్ మండకుండా నేరుగా ఎగ్జాస్ట్‌లోకి వస్తుంది. వైడ్‌బ్యాండ్ కొలిచేది ఆక్సిజన్‌నే కాబట్టి ఇంధనం చాలడం లేదన్నట్టు అంకె చూపిస్తుంది. అది నమ్మి ఇంధనం పోస్తే మిశ్రమం ఇంకా రిచ్ అయి (ఇంధనం ఎక్కువై) అంటుకోవడం మరీ కష్టమవుతుంది, ప్లగ్‌లు మసిబారతాయి, మిస్‌ఫైర్ ముదురుతుంది.

గ్యాప్ ఎందుకంత ముఖ్యమంటే, స్పార్క్ దూకడానికి కావలసిన వోల్టేజ్ దాదాపుగా గ్యాప్‌నీ, ఆ క్షణంలో సిలిండర్‌లో ఉన్న గాలి సాంద్రతనీ బట్టి పెరుగుతుంది. వాతావరణ పీడనం కలుపుకుంటే మీరు 2 బార్ నుంచి 2.6 బార్‌కి వెళ్లారు. ఇన్‌టేక్ ఉష్ణోగ్రత మారలేదనుకుంటే సాంద్రత 30 శాతం పెరిగినట్టే. పైగా నాక్ (మిశ్రమం అదుపు తప్పి పేలడం) భయంతో స్పార్క్ టైమింగ్ వెనక్కి లాగి, అంటే ఆలస్యం చేసి ఉంటారు. అప్పుడు స్పార్క్ టీడీసీకి (పిస్టన్ పైకొసకు చేరే స్థానం) ఇంకా దగ్గరగా, అంటే పీడనం మరింత ఎక్కువగా ఉన్నప్పుడు పడాలి. తడబాటు రెడ్‌లైన్ దగ్గర కాకుండా టార్క్ గరిష్ఠంగా ఉన్నచోట మొదలవడానికి కారణం కూడా ఇదే: సిలిండర్ బాగా నిండేది అక్కడే.

ఇక కాయిల్ సంగతి. పెట్టె మీద రాసే కిలోవోల్టులను పట్టించుకోకండి. వోల్టేజ్ గ్యాప్‌ని దూకడానికి ఎంత కావాలో అంతవరకే లేస్తుంది. చూడాల్సింది మీరు ఇవ్వగలిగే డ్వెల్‌లో, మీ వోల్టేజ్ దగ్గర ఎన్ని మిల్లీజౌల్స్ వస్తాయన్నది. ఆ శక్తి ప్రైమరీ కరెంట్ (బ్యాటరీ నుంచి కాయిల్‌లోకి వెళ్లే కరెంట్) వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి కరెంట్ 10 శాతం తగ్గితే శక్తి 19 శాతం పోతుంది. అందుకే నేను ముందు వైరింగ్ చూస్తాను. ఇంజన్ లోడ్‌లో ఉండగా కాయిల్ కనెక్టర్ దగ్గరే వోల్టేజ్ కొలవండి. బ్యాటరీ దగ్గర 14 ఉండి అక్కడ 12.5 వస్తుంటే, కొత్త కాయిల్ పెట్టినా ఆ నష్టం అలాగే ఉంటుంది. రిలే ద్వారా మందమైన వైరు వేయండి, కాయిల్ గ్రౌండ్‌ని సిలిండర్ హెడ్‌కి ఇవ్వండి, సెన్సర్ల గ్రౌండ్‌తో కలపకండి. కాయిల్‌ని ప్లగ్‌కి కలిపే రబ్బరు బూట్లు విప్పినప్పుడు ప్లగ్ పింగాణీ మీద సన్నటి నల్ల గీత కనిపిస్తే స్పార్క్ గ్యాప్‌లో కాకుండా పక్కనుంచి పారిపోతోందని అర్థం. ఆ ప్లగ్‌నీ బూట్‌నీ రెండింటినీ మార్చాలి.

డ్వెల్‌ని వేరే కాయిల్‌వాళ్ల అంకెలు చూసి పెట్టకండి. ఆసిలోస్కోప్‌కి కరెంట్ క్లాంప్ తగిలించి ప్రైమరీ కరెంట్ చూడండి. అది దాదాపు తిన్నగా ఎక్కుతూ వచ్చి, కాయిల్ లోపలి ఇనుప కోర్ సంతృప్తం కాగానే ఒక్కసారిగా నిటారుగా లేస్తుంది. ఆ మలుపుకి కాస్త ముందే ఆపండి. దాటితే వచ్చేది వేడే తప్ప స్పార్క్ కాదు. వోల్టేజ్ తగ్గితే కరెంట్ నెమ్మదిగా ఎక్కుతుంది కాబట్టి 10 నుంచి 15 వోల్టుల దాకా డ్వెల్ టేబుల్ నింపాలి. లోపలే ఇగ్నైటర్ (కరెంట్‌ని ఆన్-ఆఫ్ చేసే స్విచ్) ఉన్న కొన్ని కాయిల్స్ డ్వెల్ మితిమీరితే తమంతట తామే ఫైర్ అవుతాయి. బూస్ట్‌లో అది స్పార్క్ వేళకు ముందే పడటం, అంటే పిస్టన్‌కే ముప్పు. ఈసీయూలో (ఇంజన్ కంప్యూటర్) ట్రిగ్గర్ ధ్రువత, అంటే కాయిల్‌కిచ్చే సిగ్నల్ దిశ, తలకిందులైనా ఇలాంటి ప్రమాదమే, కాయిల్ కూడా కాలిపోతుంది. కొత్త కాయిల్ పెట్టిన రోజున టైమింగ్ లైట్‌తో సరిచూడకుండా బూస్ట్ ఎక్కించవద్దు.

సమయం చాలదేమోనన్న భయం మీకు అక్కర్లేదు. 7,500 ఆర్‌పీఎం దగ్గర రెండు చుట్లకు 16 మిల్లీసెకన్లు పడుతుంది, 3 మిల్లీసెకన్ల డ్వెల్‌కి అది ఎక్కువే. ప్రతి చుట్టుకూ ఒకసారి స్పార్క్ వేసే వేస్టెడ్ స్పార్క్‌లో 8 మిగులుతుంది. డిస్ట్రిబ్యూటర్ కింద ఒకే కాయిల్ ఉన్న నాలుగు సిలిండర్లకే 4 మిల్లీసెకన్ల ఇరుకు వస్తుంది.

ఇవన్నీ సరిచేశాక 0.6 దగ్గర కూడా స్పార్క్ ఆరిపోతుంటే అప్పుడు కాయిల్ మార్చండి. నేనైతే మీ బూస్ట్‌కి మరో ఫ్యాక్టరీ ఇంజన్ కాయిల్‌తోనే సరిపెడతాను. ఆడి ఆర్8 కాయిల్స్‌ని ఫోక్స్‌వాగన్ టర్బోల్లో వాడేది ఇలాగే. ఇథనాల్‌తో ఇంకా పైకి వెళ్లాలంటే జీఎం ట్రక్కుల డి585 కాయిల్ గానీ, ఐజీఎన్-1ఏ కాయిల్ గానీ బ్రాకెట్ మీద బిగించి పొట్టి లీడ్‌లతో కలపండి. లీడ్‌లు, ప్లగ్‌లు రెసిస్టర్ రకంవే వాడండి, లేకపోతే క్రాంక్ సెన్సర్ సిగ్నల్ చెడుతుంది. సీడీఐ (కెపాసిటర్ నుంచి స్పార్క్ ఇచ్చే ఇగ్నిషన్) మసిబారిన ప్లగ్‌నీ, అధిక బూస్ట్‌నీ చక్కగా దాటుతుంది, కానీ స్పార్క్ చాలా తక్కువసేపు నిలుస్తుంది. రోడ్డు మీద నెమ్మదిగా నడిపే ఇంజన్‌కి నేను దాన్ని సూచించను.

ప్లగ్ హీట్ రేంజ్ (ప్లగ్ వేడిని ఎంత త్వరగా వదిలేస్తుందన్నది) కూడా ఒక మెట్టు చల్లటిది తీసుకోండి. ఎన్‌జీకేలో అంకె పెరిగితే చల్లటిది, బాష్‌లో దానికి వ్యతిరేకం. గ్యాప్ ఎంత ఉంది, ఏ ఈసీయూ, ఏ ప్లగ్ అన్నది లాగ్‌తో పాటు పెడితే డ్వెల్ టేబుల్ కలిసి చూద్దాం.