గొంతు మారుతోంది, గ్రోత్ హార్మోన్ ఆపేయవచ్చా?

ప్రశ్న: మాది సఖినేటిపల్లి దగ్గర పల్లెటూరు. మా అబ్బాయికి పదమూడున్నర ఏళ్లు. గ్రోత్ హార్మోన్ లోపం ఉందని తేలడంతో రెండున్నరేళ్లుగా రోజూ రాత్రి ఇంజెక్షన్ చేస్తున్నాం. 120 సెంటీమీటర్లు ఉన్నవాడు 138కి వచ్చాడు. ఈమధ్య గొంతు మారుతోంది. ఇక కొబ్బరిచెట్టులా వాడే సాగుతాడు, సూదులు ఆపేయమని చుట్టాలు అంటున్నారు. ఆపవచ్చా? లేక మోతాదు పెంచాలా?
– ఒక తల్లి

జవాబు: మీ అంతట మీరు ఆపవద్దమ్మా. మీ చుట్టాల మాటలో సగం నిజం ఉంది. ఈ వయసులో టెస్టోస్టిరాన్ (పురుష హార్మోన్) వంటి హార్మోన్ల ప్రేరణతో ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి గ్రోత్ హార్మోన్‌ను రెండు మూడు రెట్లు ఎక్కువగా విడుదల చేస్తుంది. టెస్టోస్టిరాన్, గ్రోత్ హార్మోన్ రెండూ కలిసినప్పుడే మగపిల్లలు ఏడాదికి 9, 10 సెంటీమీటర్ల వరకు పెరుగుతారు. మీ అబ్బాయి గ్రంథికి ఆ శక్తి లేదు. పైగా టెస్టోస్టిరాన్‌లో కొంత భాగం ఈస్ట్రోజన్ అనే మరో హార్మోన్‌గా మారి, ఎముకల చివర్లలో ఎదుగుదల జరిగే మెత్తని భాగాన్ని క్రమంగా గట్టిపరుస్తుంది. అది పూర్తిగా మూసుకున్నాక ఏ ఇంజెక్షన్‌తోనూ ఎత్తు పెరగదు.

అలాగని యుక్తవయసు వచ్చిందన్న ఒక్క కారణంతో మోతాదు పెంచడాన్నీ నేను సమర్థించను. మోతాదును బరువును బట్టి, రక్తంలోని ఐజీఎఫ్-1 (గ్రోత్ హార్మోన్ ప్రభావంతో శరీరంలో తయారయ్యే పదార్థం) స్థాయిని బట్టి సవరిస్తారు. బిడ్డ బరువు పెరిగినా పాత చీటీలోని మోతాదునే కొనసాగించడం తరచూ జరిగే పొరపాటు కనుక, ముందుగా దానిని సరిచూపించుకోండి. ఎడమ చేతి ఎక్స్‌రేతో ఎముకల వయసు చూస్తే ఇంకా ఎంత ఎదుగుదల మిగిలి ఉందో ఒక అంచనా వస్తుంది.

మందును 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. తుపాను రోజుల్లో కరెంటు పోతే ఐస్ పెట్టెలో, ఐస్ నేరుగా తగలకుండా గుడ్డ చుట్టి పెట్టండి. ఒకసారి గడ్డకట్టిన మందును మళ్లీ వాడకూడదు.

ఈ చికిత్స సాగుతుండగా తుంటి లేదా మోకాలి నొప్పితో కుంటుతుంటే ఆటలో బెణికిందిలే అని సరిపెట్టుకోవద్దు, తుంటి ఎముక జారి ఉండవచ్చు. అదే విధంగా వాంతులతో కూడిన తలనొప్పి వచ్చినా, చూపు మసకబారినా వెంటనే వైద్యులకు చూపించాలి.

ఎదుగుదల ఏడాదికి 2 సెంటీమీటర్లకు తగ్గినప్పుడు ఎత్తు కోసం చేసే ఈ చికిత్సను సాధారణంగా ఆపుతారు. ఆ తరువాత కనీసం నెల రోజులు ఆగి హార్మోన్ పరీక్ష మళ్లీ చేస్తారు. కొందరిలో అప్పటికి లోపం కనిపించదు, లోపం అలాగే ఉన్నవారికి మాత్రం ఎముకల, కండరాల బలం కోసం పెద్దయ్యాక కూడా తక్కువ మోతాదులో కొనసాగించవలసి రావచ్చు.