ఫార్మాట్ కొట్టిస్తే వారం, ఆ తర్వాత మళ్లీ నత్తనడక

ఈసారి ఉత్తరం తెనాలి నుంచి. ‘‘జిరాక్సు, డీటీపీ షాపు నాది. డెస్క్‌టాప్ కొని పదేళ్లు దాటింది. నాలుగో తరం ఐ3, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్‌డిస్కు, విండోస్ 10. స్విచ్ వేసి టీ తాగొచ్చినా ఐకాన్లు రావు. పేజ్‌మేకర్ తెరిస్తే బిగుసుకుపోతుంది. ఆరు నెలలకోసారి ఫార్మాట్ కొట్టిస్తున్నా. వారం బాగుంటుంది, మళ్లీ మామూలే. గడియారం కూడా పాత తేదీకి పోతోంది. కొత్తది కొనాలా?’’

ఊరి పేరు మారుతుందంతే, ఇదే ఉత్తరం నాకు వస్తూనే ఉంటుంది. అందరూ ఫార్మాట్ కొట్టించినవాళ్లే. జ్వరం ఎందుకొచ్చిందో చూడకుండా సూది వేయించుకోవడం లాంటిదిది.

టెంపరరీ ఫైళ్లు తుడవడం లాంటివి మీకు తెలిసే ఉంటాయి, వదిలేస్తున్నా. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ చూడండి. ప్రాసెసర్ ఖాళీగా కూర్చుని, డిస్కు గడి మాత్రం 100 శాతం చూపిస్తుంటే తప్పు ఐ3ది కాదు. హార్డ్‌డిస్కులో పళ్లెం నిమిషానికి 7,200 సార్లు తిరుగుతుంది. చదివే ముల్లు దానిమీద అటూ ఇటూ పరుగెత్తాలి. ఒకే పెద్ద ఫైలయితే చకచకా లాగేస్తుంది. విండోస్ అడిగేవేమో చెల్లాచెదురుగా ఉన్న వేల చిన్న ముక్కలు. సెకనుకు వంద చోట్లు తిరగడమే ఆ ముల్లుకు గగనం. పైగా 4 జీబీ ర్యామ్ నిండిపోగానే విండోస్ మిగతా బరువునూ ఆ డిస్కు మీదకే తోస్తుంది.

కాబట్టి కొత్త కంప్యూటర్ వద్దు. 256 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ (హార్డ్‌డిస్కు బదులు పెట్టుకునే చిప్‌ల డిస్కు) ఒకటి కొని విండోస్ దానిలో వేయించండి. అందులో పళ్లెమూ లేదు, ముల్లూ లేదు. ఇంకో 4 జీబీ ర్యామ్ కలపండి. మీ బోర్డుకు సాధారణంగా డీడీఆర్3 రకం ర్యామే పడుతుంది, డీడీఆర్4 రకం అంటగడితే స్లాటులో దూరనే దూరదు. పాత డిస్కును పారేయకుండా డిస్కు ఆరోగ్యం చెప్పే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ప్రోగ్రాముతో పరీక్షించండి. ‘కాషన్’ అని పసుపు రంగులో కనిపిస్తే ఆ రోజే ఫైళ్లన్నీ వేరేచోటికి కాపీ చేసుకోండి, మిగతా పనులన్నీ ఆ తర్వాతే. గడియారం సంగతంటారా, బోర్డు మీది సీఆర్2032 బిళ్ల బ్యాటరీ అయిపోయింది. మార్చండి. తేదీ తప్పితే బ్యాంకు సైటు కూడా సురక్షితం కాదని హెచ్చరిక వస్తుంది. ‘ఏం కాదు, ముందుకెళ్లు’ అని నొక్కడం అలవాటైన చెయ్యి, నిజంగా ప్రమాదం వచ్చినరోజూ అదే నొక్కుతుంది.

స్లో సంగతి ఇంతటితో సరి. నా భయం వేరే ఉంది.

ఆరు నెలలకోసారి విండోస్ వేసిన కుర్రాడు లైసెన్సు కొన్నాడా? పెన్‌డ్రైవ్‌లోంచి, లైసెన్సు కొన్నట్టు విండోస్‌ను నమ్మించే ‘యాక్టివేటర్’ నడిపి ఉంటాడు. అది నడవాలంటే సాధారణంగా ముందు యాంటీవైరస్ ఆపాలి. ఎవరు రాశారో తెలియని ప్రోగ్రాముకు ఇంటి తాళాలిచ్చి, కాపలావాణ్ని సెలవు మీద పంపడమే ఇది. ఇదంతా ఎక్కడ? ఊరంతా ఆధార్, పాన్, పాస్‌బుక్ ప్రింట్లు తీయించుకునే కంప్యూటర్లో. ఒక్కసారి మీ డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిచి చూడండి. ఎన్ని ఆధార్ పీడీఎఫ్‌లున్నాయి? దాని పాస్‌వర్డ్ పేరులో మొదటి నాలుగు అక్షరాలు, పుట్టిన సంవత్సరం. పక్కనే అదే మనిషి పాన్ కార్డు స్కాన్ ఉంటే పేరూ, పుట్టినతేదీ రెండూ దాని మీదే ఉన్నాయి. తాళానికే తాళంచెవి వేలాడదీసినట్టు. ఇక కస్టమర్ వాట్సాప్ వెబ్ తెరిచి, ప్రింటు తీసుకుని, లాగవుట్ కాకుండా వెళ్లిపోతే అతని సంసారమంతా మీ తెర మీదే.

మీ ఒక్కరినే తిట్టి లాభం లేదు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. విండోస్ 11 అధికారికంగా, ఒకటీ అరా తప్ప, ఎనిమిదో తరం కన్నా పాత ఇంటెల్ ప్రాసెసర్లను ఒప్పుకోదు. నిక్షేపంలా పనిచేసే పెట్టెను తేదీ వేసి చెత్తబుట్టకు పంపడం ఏ రకం ఇంజినీరింగో నాకు అంతుబట్టదు. తెర మీద వాతావరణం, సినిమా వార్తలు చూపించడానికి మెమరీ ఉంటుందట, పాత ప్రాసెసర్‌కు మాత్రం చోటుండదట! విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్‌కు మారమని మీకు చెప్పలేను. శుభలేఖలన్నీ అను ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో ఉన్నాయి. ఏ కంప్యూటర్లోనైనా తెలుగు ఒకేలా కనిపించే యూనికోడ్ వచ్చి ఇన్నేళ్లయినా తెలుగు అచ్చుపని అక్కడే చిక్కుకుంది, అదో పెద్ద కథ.

అందుకని పని విడదీయండి. ఈ పాత డెస్క్‌టాప్‌ను డీటీపీకే ఉంచి నెట్ కేబుల్ పీకేయండి. యాక్టివేటర్‌తో సహా పాత విండోస్‌ను ఎస్‌ఎస్‌డీలోకి క్లోన్ (ఉన్నదున్నట్టు కాపీ) చేయించకండి, రోగం కూడా వెంటే వస్తుంది. లైసెన్సుతో కొత్తగా వేయించండి. కస్టమర్ల మెయిళ్లు, ప్రింట్లకు అప్‌డేట్లు అందే యంత్రం ఒకటి, సెకండ్‌హ్యాండ్‌దైనా సరే, వేరుగా పెట్టండి. అందులో బ్రౌజర్‌ను, మూసేయగానే లాగిన్లు మరిచిపోయే ఇన్‌కాగ్నిటోలోనే తెరవండి. రాత్రి షట్టర్ దించేముందు డౌన్‌లోడ్స్‌తోపాటు రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయండి. చాలామంది రెండోది మరిచిపోతారు.